రెండు ట్యూబులకూ ఒకే చోట చిల్లు

కడప జిల్లాలోని ఒక పల్లె నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి అవి లేకుండా సంగతి మాత్రం చెబుతాను. ఆవిడ ఇంట్లోనే మిషను కుడతారు, భర్త ట్రాక్టరు తోలతాడు. ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి. హైస్కూలు ఐదు కిలోమీటర్ల అవతల మండల కేంద్రంలో ఉంది. బస్సు ఉంది గానీ అది వచ్చేసరికి బడిలో మొదటి పీరియడ్ అయిపోతుంది. అందుకని పాపకి ఒక పాత లేడీస్ సైకిలు కొనిచ్చారు. జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి సంక్రాంతి సెలవుల దాకా ఆ సైకిలుకి 11 సార్లు గాలి పోయింది. ఇది నోటి లెక్క కాదు, జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం చివరి పేజీలో తేదీలతో సహా రాసిపెట్టుకున్నారు. దాదాపు అన్నీ వెనక చక్రానికే.

ఊళ్ళో పంక్చర్ షాపు ఒక్కటే. నడిపేది భర్తకు పెదనాన్న, అంటే ఆవిడకు పెద్దమామ, పాపకు అబ్బ. 70 దాటాయి, చూపు మందగించింది. ఒకప్పుడు ఆయన వేసిన ప్యాచ్ ట్యూబు చివికిపోయినా ఊడేది కాదట, ఇప్పుడు వారం తిరక్కముందే అంచు లేస్తోంది. డబ్బులిస్తే సగం సార్లు తీసుకోరు. మండల కేంద్రంలో షాపు కుర్రాడేమో చక్రం చూడగానే "ట్యూబు పోయిందక్కా, మార్చాల" అంటాడు. అలా మూడు ట్యూబులు మారాయి, కూలితో కలిపి ఒక్కోదానికి 250. అక్కడికి పోతున్నారని తెలిసి పెద్దమామ వారం రోజులు వీళ్ళ గుమ్మం ముందు నుంచి తల తిప్పుకుని వెళ్ళారు.

డిసెంబరులో ఒక సాయంత్రం స్పెషల్ క్లాసు అయ్యాక వస్తుంటే మళ్ళీ వెనక చక్రం దిగిపోయింది. పాప మసక చీకట్లో మూడు కిలోమీటర్లు సైకిలు తోసుకుంటూ వచ్చింది. ఎదురు వెళ్ళిన తండ్రి దారిలో ఒక్క మాటా అనలేదు. మర్నాడు సైకిల్ని గడ్డివాము పక్కకి చేర్చి, ఆటో మాట్లాడాడు, నెలకి 900. పైసంవత్సరం హాస్టల్లో వేస్తానంటున్నాడు. పాప ఆటోలో వెళ్తోంది గానీ ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. "అబ్బ దగ్గర నేర్చుకుని పంక్చర్లు నేనే వేసుకుంటా" అంటోంది. అత్తగారేమో "ఆడపిల్ల రోడ్డు పక్కన కూర్చుని టైరు ఊడదీస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అంటున్నారు. ట్యూబు మార్చడం మంచిదా ప్యాచ్ మంచిదా, పెద్దమామకి బాధ కలగకుండా ఏం చేయాలి, పాపని నేర్చుకోనివ్వాలా, లేక ఆటోతో సరిపెట్టుకోవాలా అని అడిగారు. చివర్లో ఇంకో నాలుగు లైన్లు రాశారు. మార్చిన మూడు ట్యూబుల్నీ పారేయకుండా తెచ్చుకున్నారట, కుట్టు బల్ల మీద పరిచి టేపు పెట్టి కొలిస్తే ఒకదానికి చిల్లు వాల్వు నుంచి 9 అంగుళాల దగ్గర, ఇంకోదానికి తొమ్మిదిన్నర దగ్గర ఉంది, మూడోది వాల్వు మొదట్లోనే చిరిగిపోయింది.

అమ్మా, మీరు చివర్లో రాసిన ఆ నాలుగు లైన్లే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించాయి. రెండు షాపుల వాళ్ళూ ఏడు నెలలుగా చూడని సంగతి మీరు టేపు పెట్టి పట్టుకున్నారు. చక్రం చుట్టుకొలత ఆరడుగుల పైనే ఉంటుంది. అంత పొడవులో రెండు వేర్వేరు ముళ్ళు, వేర్వేరు నెలల్లో వచ్చి, అరంగుళం తేడాతో ఒకే చోట గుచ్చుకున్నాయంటే నేను నమ్మను. ఆ చోట ఏదో ఒకటి కాపు కాసుకుని కూర్చుంది. కొత్త ట్యూబు పెట్టిన ప్రతిసారీ అదే పొడుస్తోంది. అదేమిటో తేలేదాకా ప్యాచ్ వేయించినా దండగే, ట్యూబు మార్చినా దండగే.

అదేమిటో తెలియాలంటే మీరు ఇంకొక్కటి చూడాలి, అది ఉత్తరంలో లేదు. చిల్లు ట్యూబుకి బయటి వైపు ఉందా, లోపలి వైపు ఉందా? వాల్వు ఉన్న వైపు లోపలిది, అది రిమ్ముకి ఆనుకుంటుంది. దానికి ఎదురు వైపు బయటిది, అది టైరుకి ఆనుకుంటుంది. ఆ రెండు ట్యూబుల్నీ మళ్ళీ బల్ల మీద పెట్టి ఈ సంగతి చూసుకుని తర్వాత కిందిది చదవండి.

బయటి వైపు ఉంటే దొంగ టైరులో ఉన్నాడు. మీ వైపు దారుల్లో సర్కారు కంప ముల్లు తప్ప ఇంకేం ఉంటుంది. 1870ల్లో మద్రాసు అటవీ శాఖ వాళ్ళు కట్టెల కరువు తీరుతుందని జమైకా నుంచి ఆ చెట్టు విత్తనాలు తెప్పించి మీ జిల్లా కమలాపురం దగ్గరే నాటించారు, ఇప్పుడు సర్కారు కంప లేని డొంక గానీ చెరువు కట్ట గానీ మీరే చూపించండి. ఆ ముల్లు టైరులోకి దిగాక మొదలు బయట విరిగిపోతుంది, మొన మాత్రం రబ్బరులో ఉండిపోతుంది. బయట నుంచి చూస్తే చిన్న నల్ల చుక్క, అంతే. షాపులో ట్యూబు మార్చి గాలి కొడితే బాగానే ఉంటుంది. పాప పుస్తకాల సంచీ క్యారేజీకి కట్టుకుని ఎక్కి రెండు రోజులు తొక్కితే, బరువు పడ్డప్పుడల్లా టైరు నొక్కుకుని ఆ మొన కొంచెం కొంచెం లోపలికి వస్తుంది, మూడో రోజు సాయంత్రం గాలి పోతుంది. కొత్త ట్యూబు కదా ఇంత త్వరగా పోయిందేమిటి అని మనం ట్యూబుని తిట్టుకుంటాం.

దాన్ని పట్టుకోవడానికి వేలు పెట్టి తడమకండి, గుచ్చుకుంటుంది, పైగా చిన్న మొన వేలికి తెలియకపోవచ్చు. దూది ఉండ గానీ పాత వాయిల్ గుడ్డ ముక్క గానీ తీసుకుని టైరు లోపల చుట్టూ మెల్లిగా పాముతూ పోండి, దారం పట్టుకున్న చోట ఆగండి. వాల్వు కంతకి అటు 9 అంగుళాలూ ఇటు 9 అంగుళాలూ మరీ శ్రద్ధగా చూడండి, ఎందుకంటే ట్యూబుని తిప్పి పెట్టి ఉంటే కుడి ఎడమలు మారిపోతాయి. దొరికాక లోపల్నుంచి మొద్దు సూదితో బయటికి నెట్టి, బయట నుంచి పట్టకారుతో లాగేయండి. ఒకటి దొరికిందని ఆపకండి, టైరంతా చూడండి. పల్లేరు కాయలు కూడా ఇలాగే చేస్తాయి, ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంటుంది వాటికి. అమెరికాలో సైకిలు తొక్కేవాళ్ళు ఆ మొక్కని పంక్చర్ తీగ అనే పిలుస్తారు.

లోపలి వైపు ఉంటే మాత్రం దారిలో ముళ్ళకి సంబంధం లేదు, తప్పు రిమ్ములో ఉంది. స్పోకు కొస రిమ్ములోంచి కొంచెం పైకి పొడుచుకొచ్చి ఉంటుంది, దాని మీద కప్పాల్సిన రిమ్ము టేపు పక్కకి జరిగిపోయో చినిగిపోయో ఉంటుంది. పాత సైకిళ్ళలో ఇది చాలా మామూలు, తుప్పు పట్టిన మొన కూడా ముల్లులాగే పొడుస్తుంది. నిజానికి చిల్లు ఇటు వైపే ఉందేమో అని నా అనుమానం, ఎందుకంటే వాల్వు కంత ఉండేది రిమ్ముకే, కాబట్టి వాల్వు నుంచి స్పోకు దాకా దూరం ఎన్ని ట్యూబులు మార్చినా మారదు. టైరైతే ఊడదీసి పెట్టినప్పుడు అటూ ఇటూ జరగొచ్చు. ఇది అనుమానం మాత్రమే, మీరు చూసిందే నిజం. అదే అయితే పొడుచుకొచ్చిన కొసని ఆకురాయితో నున్నగా అరగదీసి కొత్త రిమ్ము టేపు వేయించండి, తక్కువలో అయిపోతుంది. అది దొరికేలోపు మీ దగ్గరున్న దళసరి లంగా నాడా రిమ్ము చుట్టూ బిగుతుగా ఒక చుట్టు చుట్టి, వాల్వు దగ్గర చిన్న కంత పెట్టి, కొసలు కుట్టేసినా పని చేస్తుంది. ముడి మాత్రం వేయకండి, ముడి మళ్ళీ ట్యూబుని ఒత్తుతుంది.

మూడో ట్యూబు కథ వేరు. వాల్వు మొదట్లో చిరిగిందంటే గాలి తక్కువతో తొక్కారన్న మాట. "రోడ్డు గతుకులు కదా, గాలి కొంచెం తక్కువే కొట్టించుకోమని నేనే చెప్పాను" అని మీరు రెండో పేజీలో రాశారు. మీరు చెప్పింది పిల్లకి నడుము నొప్పి రాకూడదనే, అందులో తప్పేం లేదు. కాని గాలి తక్కువుంటే టైరు రిమ్ము మీద మెల్లిగా జారుతుంది, దాంతో పాటు ట్యూబూ జరుగుతుంది, వాల్వు మాత్రం కంతలో ఇరుక్కుని కదలదు, చివరికి మొదలు దగ్గర చిరుగుతుంది. అక్కడ ప్యాచ్ నిలవదు కాబట్టి ఆ ఒక్కసారి ట్యూబు మార్చడం న్యాయమే. గాలి తక్కువతో రాయి ఎక్కితే ఇంకోటి అవుతుంది, టైరుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఇకనుంచి బొటనవేలితో గట్టిగా నొక్కితే కొంచెం మాత్రమే లొంగేట్టు గాలి కొట్టమనండి. ఎంత కొట్టాలో టైరు పక్కన అచ్చు వేసి కూడా ఉంటుంది.

మీ పుస్తకంలోని 11లో ఒక మూడు సార్లు "రాత్రి బాగుంది, పొద్దున్నే చూస్తే గాలి లేదు" అని రాసుకున్నారు. అవి పంక్చర్లే కాకపోవచ్చు. మన సైకిళ్ళ వాల్వులో ఒక పిన్ను, దాని మీద తొడిగిన సన్నటి రబ్బరు గొట్టం ఉంటాయి. ఆ గొట్టం ఎండకి ఎండి పగిలితే రాత్రంతా మెల్లిగా గాలి పోతుంది. వాల్వు మీద కాస్త ఉమ్మి రాసి చూడండి, బుడగ వస్తే అదే. కొన్ని రూపాయల వస్తువు, పాప చేత్తో మార్చేయొచ్చు. దానికి ఎవరైనా ట్యూబు మార్చాలంటే మాత్రం సరిగ్గా చూడలేదనే అంటాను.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. చిన్న ముల్లు చిల్లుకి ప్యాచే చాలు. సరిగ్గా వేసిన ప్యాచ్ తాత్కాలికం అని చాలామంది అనుకుంటారు గానీ, అది ట్యూబుతో పాటు ఉండిపోతుంది. నాలుగైదు ప్యాచులున్న ట్యూబు కూడా ఏళ్ళ తరబడి నడుస్తుంది. మార్చాల్సింది ఎప్పుడంటే వాల్వు దగ్గర చిరిగినప్పుడు, చిల్లు పొడుగ్గా చీలిపోయినప్పుడు, ప్యాచ్ మీద ప్యాచ్ వేయాల్సి వచ్చినప్పుడు, రబ్బరు మెత్తబడి చేతికి జిగురులా అంటుతున్నప్పుడు, లేదా సాగదీస్తే సన్న పగుళ్ళు కనిపిస్తున్నప్పుడు. మీ మూడింట్లో రెండు ట్యూబులకి అవేవీ లేవు. అంటే మీకు అనవసరంగా 500 ఖర్చయింది. ఆ కుర్రాడు మోసం చేశాడని నేను అనను. 30 రూపాయల ప్యాచ్ వేస్తే మళ్ళీ గాలి పోయినప్పుడు మాట పడేది తనే, కొత్త ట్యూబు వేస్తే మాట రాదు. కానీ ఊడదీసిన ప్రతిసారీ టైరులోనూ రిమ్ములోనూ చెయ్యి పెట్టి చూడాల్సింది, అది చూడలేదు. ఈసారి వెళ్తే "ముందు చిల్లు ఎక్కడుందో నాకు చూపించు, దేని వల్ల పడిందో చెప్పు, తర్వాత మారుద్దువు" అనండి. అలా అడిగేవాళ్ళకి జవాబు చెప్పక తప్పదు.

ఇంకో సంగతి, ఇది పాప విషయంలో పనికొస్తుంది. చైను కవరు, మడ్‌గార్డు, స్టాండు అన్నీ ఉన్న మన సైకిళ్ళలో వెనక ట్యూబు మార్చాలంటే చక్రం నట్లు విప్పాలి, చైను తప్పించాలి, మళ్ళీ బిగించేటప్పుడు చక్రం వంకర పోకుండా చూసుకోవాలి. రోడ్డు పక్కన ఒంటరిగా చేసే పని కాదది. ప్యాచ్ అలా కాదు, చక్రం ఊడదీయక్కర్లేదు. టైరుని ఒక పక్క నుంచి రిమ్ము మీదికి లాగి, ట్యూబుని బయటికి తీసి, ప్యాచ్ వేసి, మళ్ళీ లోపలికి తోసేయొచ్చు. పద్నాలుగేళ్ళ పిల్ల నాలుగైదు ఆదివారాల్లో నేర్చుకుంటుంది.

పెద్దమామ ప్యాచులు ఎందుకు లేస్తున్నాయో దూరం నుంచే కొంత ఊహించగలను. ట్యూబు మీద చిల్లు చుట్టూ ఉప్పు కాగితంతో మెరుపు పోయేదాకా, నల్లటి నున్నటి రబ్బరు బూడిద రంగుకి వచ్చేదాకా గీకాలి. ట్యూబు మీద సన్న గీతలా లేచిన అచ్చు అతుకు ఉంటే దాన్నీ చదును చేయాలి, లేకపోతే దాని పక్కనుంచి గాలి దారి చేసుకుంటుంది. సొల్యూషన్, అంటే ప్యాచ్ అంటించే జిగురు, పల్చగా, ప్యాచ్ కంటే వెడల్పుగా రాయాలి. ఆ తర్వాత ఆగాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. తడిగా ఉండగా ప్యాచ్ పెడితే పట్టుకున్నట్టే ఉంటుంది, గాలి నింపాక అంచు నుంచి లేస్తుంది. సుమారు ఐదు నిమిషాలు, వేలి వెనక భాగం తాకిస్తే తడి అంటకుండా, పొరలా ఆరేదాకా ఆగి, అప్పుడు పెట్టి మధ్య నుంచి అంచులకి గట్టిగా ఒత్తాలి. చివర్లో కాస్త ముఖానికి వేసుకునే పౌడరు చల్లితే ట్యూబు టైరుకి అంటుకోదు. ఇవన్నీ మీ పెద్దమామకి నాకంటే బాగా తెలుసు. కానీ గీకింది చాలిందా, సొల్యూషన్ ఆరిందా, ప్యాచ్ చిల్లుకి సరిగ్గా మధ్యలో పడిందా అన్నవి కళ్ళతో తేల్చుకునే సంగతులు. ఆయన చెయ్యి బాగానే ఉండి ఉంటుంది, చూపే ఆనడం లేదు. మూత తీసిన సొల్యూషన్ ట్యూబు పాతబడి గట్టిపడినా ఆయనకి తెలియకపోవచ్చు.

ఆయనతో మీకు మూడు దార్లున్నాయి. ఏమీ చెప్పకుండా మండల కేంద్రంలోనే వేయించుకోవచ్చు. సైకిలు బాగుపడుతుంది, కానీ పల్లెలో ఏదీ దాగదు, ఆయన మళ్ళీ తల తిప్పుకుని పోతారు, ఈసారి వారంతో ఆగకపోవచ్చు. రెండోది, మీ ప్యాచులు నిలవడం లేదు మామా అని ఎదురుగా చెప్పేయడం. కొందరు పెద్దవాళ్ళు అది తీసుకోగలరు, కొందరు ఆ రోజే షాపు మూసేస్తారు. ఆయన ఎలాంటి మనిషో మీకు తెలుసు, నాకు తెలియదు. మూడోది మీ పాపే అడుగుతోంది. ఆదివారం పొద్దున సైకిలు తోసుకుని ఆయన దగ్గరికి వెళ్ళి "అబ్బా, నువ్వు చెప్పు, నేను చేస్తా" అని కూర్చోవడం. చిల్లు వెతికేది పాప, గీకేది పాప, ఎంతసేపు ఆగాలో, ఎక్కడ ఒత్తాలో చెప్పేది ఆయన. చూపు తగ్గిందన్న మాట ఎవరూ పైకి అనక్కర్లేదు. దీంట్లోనూ చిక్కులున్నాయి. ఆయన "ఆడబిడ్డవి, నీకెందుకమ్మా ఇది" అని పంపేయొచ్చు, లేదా రెండు వారాల్లో షాపులో వేరేవాళ్ళ సైకిళ్ళు కూడా పాప మీద వేయొచ్చు. మొదటిది జరిగితే ఇంకో ఆదివారం చూడండి. రెండోది జరిగితే పాప చదువు పోకుండా గంటకి మించి కూర్చోకూడదని ముందే చెప్పి పెట్టుకోండి.

ఆ కళ్ళ సంగతి కూడా ఎవరో ఒకరు పట్టించుకోవాలి. ఆ వయసులో శుక్లాలే అయ్యుండొచ్చు, డాక్టరు చూస్తే గానీ తెలియదు. శుక్లాలైతే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే ఆపరేషన్ చేస్తారు. మీ ఆయన చెబితే వింటారేమో, పెదనాన్నని ట్రాక్టరు పని లేని రోజు తీసుకెళ్ళమనండి.

మీ ఆయన గురించి ఉత్తరంలో కోపంగా రాశారు. ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. చీకటి పడుతుంటే ఎదురెళ్ళిన తండ్రికి దూరంగా కూతురు ఒక్కతే సైకిలు తోసుకుంటూ కనిపించింది. దారిలో ఒక్క మాటా అనలేదంటే అది కోపమని నేననుకోను, భయం. కాబట్టి ఆయనతో ప్యాచూ ట్యూబూ గురించి వాదించి లాభం లేదు, చీకటి గురించి మాట్లాడాలి. స్పెషల్ క్లాసులున్న రోజుల్లో మాత్రం ఆటో, మిగతా రోజుల్లో సైకిలు అనొచ్చు, ఆటో అతను దానికి తగ్గట్టు తీసుకుంటే నెలకి 900 బదులు కొంత తగ్గుతుంది. ఊరి నుంచి ఇంకో ఇద్దరు పిల్లలు సైకిలు మీదే పోతారని రాశారు. ముగ్గురూ కలిసి వచ్చేట్టు, ముగ్గురికీ కలిపి ఒక చిన్న గాలి పంపు సంచీలో ఉండేట్టు చూస్తే, మెల్లిగా గాలి దిగే పంక్చరైతే మధ్యలో రెండు సార్లు గాలి కొట్టుకుని ఇల్లు చేరొచ్చు. ఒక్కసారిగా దిగిపోతే తొక్కకూడదు, రిమ్ము కింద ట్యూబు తరిగిపోతుంది. దారిలో తెలిసినవాళ్ళ ఇల్లు ఒకటి అనుకుని, సైకిలు అక్కడ పెట్టి ఫోన్ చేయించాలి. వెలుతురున్నా ఒంటరిగా ఉన్నప్పుడు రోడ్డు పక్కన టైరు విప్పడం వద్దని నేనూ అంటాను. నేర్చుకోవడం ఇంటి దగ్గర చేసుకోవడానికి.

ఆటోనే పూర్తిగా ఉంచేస్తే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. టెన్షన్ తగ్గుతుంది, వానాకాలం హాయి. కానీ ఏడాదిలో పది నెలలు లెక్కేసినా 9000 అవుతుంది, ఆటో రాని రోజు బడి పోతుంది, ఆటో మాన్పించాల్సిన రోజు వస్తే చదువు మాన్పించే మాట కూడా వెనకే వస్తుంది. హాస్టల్ మాట అక్కడి నుంచే పుట్టింది. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత పరిశోధకులు లెక్క చూస్తే హైస్కూల్లో ఆడపిల్లల చేరికలు సుమారు 30 శాతం పెరిగాయి, బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే ఆ మార్పు ఎక్కువ. మీ ఆయనకి ఈ లెక్క చెప్పమని కాదు, ఆ సైకిలు గడ్డివాము పక్కన నిలబడి ఉంటే పోయేది ఏమిటో మీకు తెలియాలని చెబుతున్నాను. హాస్టల్ విషయం మాత్రం పాపని కూర్చోబెట్టి అడగండి. కొందరు పిల్లలకి అది బాగా నచ్చుతుంది. సైకిలు పాడైందని పంపడం వేరు, తను వెళ్తానంటే పంపడం వేరు.

మీ అత్తగారితో గొడవ పెట్టుకోకండి. ఆవిడ అన్నది రోడ్డు మీద కూర్చోవడం గురించి, రోడ్డు మీద వద్దని మనమూ అనుకున్నాం కాబట్టి అక్కడ తగవే లేదు. ఇంటి వెనక తొట్టి దగ్గర, అబ్బ షాపులో చేస్తే ఎవరేమంటారు? ఇంకా అంటే ఈ కథ చెప్పండి. గాలి టైరు బెల్‌ఫాస్ట్‌లో ఒక ఇంట్లో పుట్టింది. డన్‌లప్ అనే పశువుల డాక్టరు, గతుకుల్లో కొడుకు మూడు చక్రాల సైకిలు కుదిపేస్తోందని, పల్చటి రబ్బరు రేకుతో గొట్టం చేసి, గాలి నింపి, పైన నార బట్ట చుట్టి చక్రానికి బిగించాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. బట్ట, రబ్బరు, జిగురు, పిల్లకి కుదుపు తగలకూడదన్న ఆరాటం, ఇవన్నీ మీ ఇంట్లోనూ ఉన్నవే.

ఖర్చు సంగతి వస్తే, ముందు టైరుని చూడండి. అరిగిపోయి లోపలి దారాలు బయటికి కనిపిస్తుంటే ముల్లు కాదు గడ్డిపరక కూడా దిగుతుంది, అప్పుడు ట్యూబులకి పెట్టే డబ్బు టైరుకి పెట్టండి. టైరు బాగుంటే ఆ డబ్బు మిగుల్చుకుని సొల్యూషన్, అంచు పల్చగా ఉండే రెడీమేడ్ ప్యాచులు, ఉప్పు కాగితం, టైరు ఊడదీసే లీవర్లు రెండు, ఒక పంపు కొనండి. స్క్రూడ్రైవరుతో టైరు ఊడదీయొద్దని పాపకి గట్టిగా చెప్పండి, ఒక చిల్లు పూడుస్తూ ఇంకో చిల్లు పొడుస్తారు దాంతో. ట్యూబులో పోసే లిక్విడ్ గురించి కూడా అడిగారు. చిన్న చిల్లులకి పని చేస్తుంది గానీ, తర్వాత ఎప్పుడైనా ప్యాచ్ వేయాల్సి వస్తే ఆ తడంతా తుడిచి ఆరబెట్టడం పెద్ద పని, మీ పెద్దమామకైతే అసలు నచ్చదు.

ఆ పాత ట్యూబులు మూడూ పారేయకండి. చిల్లు పడ్డ రెండింటికీ ప్యాచ్ వేస్తే ఒకటి వాడుకకి, ఒకటి స్పేరుకి ఉంటుంది, పాప చెయ్యి తిరగడానికి కూడా అవే పనికొస్తాయి. వాల్వు దగ్గర చిరిగిన మూడోదాన్ని వాల్వు కత్తిరించేసి, లోపలి అంచు పొడుగునా చీల్చి, పట్టీలా పరిచి, టైరుకీ మంచి ట్యూబుకీ మధ్యలో వేయించండి. బండి కొంచెం బరువెక్కుతుంది, కానీ చిన్న కంపముల్లు ట్యూబు దాకా రావడం తగ్గుతుంది. దాని కొసలు మాత్రం ఏటవాలుగా పల్చగా కోయాలి, లేకపోతే ఆ మందపాటి అంచే మంచి ట్యూబుని ఒరుస్తుంది. ఆ కోతకి వేరే పాత కత్తెర తీసుకోండి, బట్టలు కోసేది వద్దు, రబ్బరుకి దాని పదును పోతుంది.